పదమూడుకీ అర అంగుళానికీ నడుమ

కొత్తరేవు మంచినీటి కేంద్రంలో రెండు జాతుల యంత్రాలు ఒకే కప్పు కింద కాపురం చేసేవి. ఉత్తరం గదిలోవి ఏదో దూరదేశపు కంపెనీ మూతపడుతూ చవగ్గా వదిలించుకున్న పంపులు. వాటి నట్లన్నీ అంగుళాల లెక్క. దక్షిణం గదిలోవి మన దగ్గర చేసినవి, అవి మిల్లీమీటర్ల లెక్క. రెండూ కలిసి సముద్రపు నీటిని తాగే నీరు చేసి కొండవతల ఊళ్ళకి పంపాలి. పంపుతున్నాయి కూడా. వాటి మధ్య పడి నలిగేది మాత్రం డాక్టర్ మందాకిని ఒక్కతే.

డాక్టరంటే సూదిమందు డాక్టరు కాదు. లోహాల మీద పెద్ద చదువు చదివి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలని నడిపిన మనిషి. అంతటి మనిషి ఈ ఇసుక తిప్ప మీదకొచ్చి నట్లు బిగించుకుంటూ కూర్చోవడమేమిటని మొదట్లో పైవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తర్వాత మరిచిపోయారు. ఆవిడకి కావలసిందీ అదే. ఒంటికాయ శొంఠికొమ్ములా ఉండిపోయింది. పంపుల హోరుకి అలవాటు పడ్డ చెవులకి మనుషుల మాట లేని లోటు పగలు తెలిసేది కాదు. సాయంత్రమైతే తెలిసేది.

రోజూ ఆవిడతో మాట్లాడే ప్రాణి ఒకర్తె ఉంది. గౌరమ్మ. తలమీద చేపల తట్టతో వచ్చి, ఆ తట్ట గుమ్మం దగ్గర దించి, కొనేదాకా కదిలేది కాదు. కొన్నాక కూడా కదిలేది కాదు. టీ తాగి, ఊళ్ళో సంగతులన్నీ ఒలకబోసి వెళ్ళేది.

"ఏటమ్మా, గలాసు అలగ పట్టుకుంటావు?" అంది ఒకరోజు. "సిటికినేలు గాల్లోకి లేపీసి! దొరసాని ఫొటో దిగినట్టుంది."

మందాకిని తన చెయ్యి చూసుకుంది. నిజమే. మూడు వేళ్ళూ బొటనవేలూ గ్లాసు చుట్టూ ఉన్నాయి. చిటికెన వేలు ఒక్కటీ పైకి లేచి ఉంది.

"అలవాటు" అంది.

"సీపురు పట్టినా అంతే, సుత్తి పట్టినా అంతే. నాను సూస్తన్నాను కదేటి! ఏలు నొప్పేటి?"

"నొప్పేం లేదు గౌరమ్మా. టీ చల్లారిపోతుంది, తాగు."

నొప్పి వేలిది కాదు. అది గౌరమ్మకి చెప్పే సంగతీ కాదు.

చెప్పాలంటే సింహాచలం దగ్గర మొదలుపెట్టాలి. ప్రయోగశాలలో పనిముట్ల విభాగం ఆయనది. శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నప్పుడెప్పుడో లేతు మిషన్ కుడిచేతి చిటికెన వేలిని మొదలంటా తీసుకుపోయింది. "మిగిలిన తొమ్మిదింటికీ బుద్ధొచ్చింది" అనేవాడు నవ్వుతూ. కొత్తగా చేరిన వాళ్ళకి ఆయన నేర్పే మొదటి పాఠం ఒకటే. నట్టు మీద వేలు పెట్టి తడుము, ఆ తర్వాతే పానా ఎత్తు. తడమకుండా పానా ఎత్తినవాడు ఆ పూటంతా ఆయన తిట్లు తినాల్సిందే.

మందాకినికీ ఆ పాఠం తప్పలేదు. పై అధికారి అయితే మాత్రం?

"ఇటు సూడండి మేడమ్‌గారూ. ఇది పంతొమ్మిది మిల్లీమీటర్లు, ఇది ముప్పావు అంగుళం. ఏ దేశంలో పుట్టాయో గాని కవల పిల్లలు. నట్టుకి టోపీలా తొడిగే ఈ సాకెట్ ఉందే, దీనిది దానికి, దానిది దీనికి సుబ్బరంగా సరిపోతాది. ఇప్పుడిది సూడండి. ఇది పదమూడు, ఇది అర అంగుళం. పదమూడు సాకెట్ అర అంగుళం నట్టుకి ఎక్కుతాది గాని లోపల రవ్వంత ఆడతాది. అర అంగుళం సాకెట్ పదమూడు నట్టుకి ఎక్కనే ఎక్కదు. ఒకవైపు నుంచే సంబంధం."

"ఆడితే ఏమవుతుంది?"

"ఏటవుతాది? నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాది. ఇంక ఏ పానాకీ దొరకదు."

ఆ పాఠాలు ఎక్కడికి దారితీశాయో ప్రయోగశాలలో అందరికంటే ఆఖరున తెలిసింది వాళ్ళిద్దరికే. పెళ్ళయింది. ఆవిడ పెదవి విప్పని మనిషి, ఆయన నోరు మూయని మనిషి. మొదటి పెద్ద పోట్లాట రోజున మందాకిని ఏడుస్తూ, "మనం పంతొమ్మిదీ ముప్పావూ అనుకున్నాను. పదమూడూ అరా అని ఇవాళ తేలింది" అంది.

సింహాచలం కాసేపు బుర్ర గోక్కున్నాడు. లేచి గోడ మీది కేలండర్ మూల చింపి, మడతపెట్టి, ఆవిడ అరచేతిలో పెట్టాడు. మెకానిక్కులందరూ చేసే పనే అది. సాకెట్ వదులైతే లోపల కాగితం ముక్క పెట్టి నట్టుకి తొడుగుతారు.

"కాయితం పెట్టుకుందాం మందా. ఈ రోజుకి నడుస్తాది. కానీ రోజూ కాయితంతో నడపకూడదు, నట్టు పాడైపోతాది. రోజుకింత మనమే అరిగి ఒకరికొకరం సరిపోవాల."

ఆవిడకి ఏడుపులో నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఆలోచన వచ్చింది. ఆ కాగితం చేసే పని లోహమే తనంతట తాను చేస్తే?

కొన్నేళ్ళు పట్టింది. తయారైనదాన్ని ఒదుగు లోహం అన్నారు. మనిషి చేతి వెచ్చదనానికి మేలుకుంటుంది. గట్టిగా ఒత్తితే క్షణంపాటు మైనంలా మెత్తబడి, దేన్ని పట్టుకుందో దాని ఆకారం తెచ్చుకుని, మళ్ళీ ఉక్కులా బిగుసుకుంటుంది. దాంతో పానా చేశారు. అధికారులు చూడటానికి వచ్చిన రోజున సింహాచలం కళ్ళకి గంతలు కట్టుకుని పదమూడు నట్టు విప్పాడు, అర అంగుళం నట్టు విప్పాడు, మూలలన్నీ అరిగిపోయిన పాత నట్టునీ విప్పాడు. ఒకటే పానా. చప్పట్లు మోగాయి. పిడి కూడా ఆ లోహమే కాబట్టి, చూపించిన పానా మీద ఆయన చెయ్యి అచ్చుపడి ఉంది. మూడు వేళ్ళ గుంటలు, బొటనవేలి గుంట, చిటికెన వేలి చోట మాత్రం ఎత్తుగా నున్నటి లోహం. మరొకరు పట్టుకుని బలంగా లాగారా, ఆ అచ్చు పోయి వాళ్ళ అచ్చు పడేది. ఒకసారికి ఒక చెయ్యే.

ఆ రాత్రి భోజనాల దగ్గర సింహాచలం ఎప్పటిలా మాట్లాడలేదు.

"మీకు నచ్చలేదా?" అనడిగింది.

"నచ్చింది. బంగారంలాంటి పానా. కానీ ఇకమీద నట్టుని తడిమి సూసేవాడు ఉండడు మందా. నానే ఇవాళ తడమలేదు."

ఆ మాట మందాకినికి ఆ రోజు ఎక్కలేదు. కొన్ని నెలల తర్వాత ఎక్కింది. ఒక చక్కెర మిల్లులో పానాని పరీక్షించడానికి సింహాచలం ఎత్తైన మెట్ల అరుగు ఎక్కాడు. ఆవిరి గొట్టం చల్లారిందన్నారు. చల్లారలేదు. పాత పానా అయితే ఆయన ముందుగా నట్టు తడిమేవాడు, వేలు చురుక్కుమనేది, కిందకి దిగి తిట్టేవాడు. ఈ పానాకి తడమక్కర్లేదు. తగిలించి, ఒళ్ళంతా బలం చేసుకుని లాగాడు. ఆ వేడికి పానా తల వెన్నలా జారిపోయింది. ఆయన వెనక్కి పడ్డాడు. అంత ఎత్తు నుంచి పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు.

వేడి తగలని పిడి మాత్రం గట్టిగానే ఉంది. దాని మీద ఆయన ఆఖరి పట్టు ఉంది.

మందాకిని పరిశోధన ఆపేసింది. మిగిలిన పానాలన్నీ కొలిమిలో కరిగించేశారు. పాడైన తల తీసేసి, కొత్త తల వేసి, ఆ ఒక్క పానాని తనతో తెచ్చుకుంది. తల ఎందుకు వేసిందో ఆవిడకే తెలియదు. వాడే ఉద్దేశం లేదు. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉంటేగాని మనిషిని సాగనంపబుద్ధి కాదు కదా, అలాంటిదేదో.

అదీ సంగతి. పానా ఆయన పాత చొక్కాలో చుట్టి ట్రంకుపెట్టెలో ఉండేది. సాయంత్రం పంపులు ఆపాక, సముద్రం వైపు మెట్ల మీద కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకునేది. ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టేది. గట్టిగా కాదు. ఒత్తితే పోతుంది. ఊరికే ఆనించేది. మూడు వేళ్ళకి చోటుండేది. నాలుగో దానికి ఉండేది కాదు. దాన్ని పైకి లేపి ఉంచేది. అలా చీకటి పడేదాకా మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఇన్నేళ్ళలో ఒక్క సాయంత్రం తప్పలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆవిడకి ఉన్నది అదొక్కటే.

ఇక ఉత్తరం గది సంగతి. మొన్నటి వానల్లో అర అంగుళం సాకెట్ పగిలింది. కొత్తది పంపమంటే ఆఫీసువాళ్ళు పదమూడు మిల్లీమీటర్లది పంపారు. ఇదేమిటని ఫోన్ చేస్తే, "రెండూ ఒకటేగా మేడమ్, అడ్జస్ట్ చేసుకోండి" అన్నారు. చేసుకుంది. కేలండర్ మూల చింపి, మడిచి, సాకెట్‌లో పెట్టి తొడిగింది. నడిచింది. మర్నాడూ నడిచింది. కాగితం మడతపెట్టినప్పుడల్లా ఆయన నవ్వు గుర్తొచ్చేది. అందుకే మళ్ళీ అడగలేదేమో. రోజూ కాగితం పనికిరాదన్న మాట మాత్రం గుర్తు రాలేదు. మనకి కావలసిన మాటే గుర్తుంచుకుంటాం.

సముద్రపు నీరు ముందుగా ఒక కాంక్రీటు గదిలోకి వస్తుంది. దానికి సముద్రం వైపు గొలుసుకి వేలాడే బరువైన ఇనుప తలుపు. లోపలి వైపు, ఉత్తరం పంపుల గదిలోకి, మనిషి దూరేంత ఇనుప మూత. మూత చుట్టూ అర అంగుళం నట్లు, ఒక్కొక్కటీ లోతైన గుంటలో. మూత విప్పాలంటే సాకెట్ తప్ప మరోటి దూరదు. ఆటు సమయంలో ఆ తలుపు పైకెత్తినప్పుడు దాని కిందుగా ఆ గదిలోకి దూరి, గోడలకి పట్టిన గుల్లలు గీకడానికి గౌరమ్మ తమ్ముడు ఎర్రయ్య వచ్చేవాడు. తల్లి పోతే గౌరమ్మే ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

ఆ రోజు మధ్యాహ్నం ఎర్రయ్య లోపల గీకుతున్నాడు, గౌరమ్మ గుమ్మంలో టీ తాగుతోంది. దభేలుమని చప్పుడు. తుప్పు పట్టిన గొలుసు తెగి ఇనుప తలుపు పడిపోయింది.

"ఓలమ్మో! నా గుంటడు!" గౌరమ్మ గ్లాసు విసిరేసి పరుగెత్తింది.

మందాకిని హార్బరుకి ఫోన్ చేసింది. క్రేను బయల్దేరుతుందన్నారు. అది వచ్చేదాకా పోటు ఆగదు. తలుపు అడుగునున్న జాలీలోంచి నీరు అప్పుడే లోపలికి ఎక్కుతోంది. ఇక మిగిలింది లోపలి మూత ఒక్కటే.

కాగితం మడిచి, సాకెట్ తొడిగి, ఒక్కొక్క నట్టూ లాగింది. వచ్చాయి. ఒక్కటి రాలేదు. సాకెట్ గిర్రున తిరిగింది. కాగితం తీసి చూసింది, వేలు దూర్చి తడిమింది. మూలలు లేవు. గోళీకాయలా నున్నగా ఉంది. దాన్ని అలా చేసింది ఎవరో ఆవిడకి తెలుసు.

పన్నెండు సాకెట్ తెచ్చి సుత్తితో కొట్టి ఎక్కించింది. బలంగా లాగింది. అది విరిగి, చెయ్యి గోడకి కొట్టుకుని వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. మూత అవతల గీకుడు బద్దతో కొడుతున్నాడు ఎర్రయ్య.

"అక్కా! పీకల్దాకా వొచ్చీసిందే!"

"మూత వొచ్చీస్తాది నాయినా, మేడమ్‌గారు తీస్తన్నారు!" గౌరమ్మ ఇటు తిరిగింది. మొహంలో రక్తం లేదు. "ఇంకోటేదీ నేదేటమ్మా? ఇంకో పానా?"

లేదు అనబోయింది మందాకిని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆవిడకి ఎర్రయ్య కనబడలేదు. ట్రంకుపెట్టెలో చొక్కా చుట్టుకుని పడుకున్న చెయ్యి కనబడింది. గ్లవ్ వేసుకున్నా, గుడ్డ చుట్టినా, పైపు తొడిగినా అచ్చు పోతుంది. ఆ లోహాన్ని చేసింది తనే. ఏ దారీ లేదని ఆవిడకి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

అవతల బద్ద చప్పుడు నెమ్మదించింది.

"ఉంది" అంది. పరుగెత్తింది.

పెట్టె తెరిచి, పానా చుట్టిన చొక్కా విప్పింది. ఒక్కసారి ఊరికే పట్టుకుందామనుకుంది. అంత వ్యవధి లేదు. మూత దగ్గరికి పరుగెత్తి, పానా తలని గుంటలో దూర్చి అరచేత్తో ఒత్తి పట్టింది. లోహం మేలుకుంది. లోపల ఆ గుండ్రటి నట్టుని వాటేసుకుని బిగుసుకోవడం చేతికి తెలిసింది. కాలు గోడకి తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని, ప్రాణమంతా చేతిలోకి తెచ్చుకుని లాగింది.

అరచేతి కింద పిడి కదిలింది. ఆయన వేళ్ళ గుంటలు ఒక్కొక్కటీ పూడిపోతున్నాయి. "ఏవండీ" అని గట్టిగా అరిచింది. "ఏవండీ, నన్ను క్షమించండి!"

నట్టు కిర్రుమంది. తిరిగింది.

మూత ఒక్కసారిగా తన్నుకుని తెరుచుకుంది. నీళ్ళు ఇద్దరు ఆడవాళ్ళనీ అవతలి గోడకి విసిరేశాయి. ఆ నీళ్ళతోపాటే ఎర్రయ్య కూడా వచ్చి పడ్డాడు. దగ్గాడు. కక్కాడు. మళ్ళీ దగ్గాడు. గౌరమ్మ వాణ్ణి రెండు చెంపలూ వాయించి, ఆ తర్వాత గుండెకి హత్తుకుని గొల్లుమంది.

మందాకిని గోడకి జారగిలబడి కూర్చుంది. పానా ఆవిడ పక్కన తడినేల మీద పడి ఉంది. ఆవిడ దాని వంక చూడలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఇన్నేళ్ళలో ఇంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు.

ఎర్రయ్యకి పొడిగుడ్డ కప్పి గౌరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "బతికీసినాడు కదమ్మా! మరెందుకేడుపు?"

"మా ఆయన ఇప్పుడు పోయాడు గౌరమ్మా."

గౌరమ్మకి అర్థం కాలేదు. కానీ చావు మాట వినబడ్డ చోట అడ్డుప్రశ్నలు వెయ్యడం ఆవిడ ఎరగదు. మందాకిని చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు మందాకిని చెప్పింది. లేతు మిషనూ, కాగితం ముక్కా, చక్కెర మిల్లూ, మెట్ల మీది సాయంత్రాలూ అన్నీ చెప్పింది. ఇంత మాట ఒక్కసారే మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

గౌరమ్మ ఆ చెయ్యి వదలకుండా అంతా వింది. తర్వాత ఒంగి పానా అందుకుంది, వేలి కొసలతో, పసిపిల్లని ఎత్తినట్టు.

"గట్టిగా పట్టుకుంటే కదా పోతాది?"

"ఇప్పుడింకేం పోవాలి? అది నా చెయ్యి."

గౌరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. కళ్ళు చికిలించి చూసింది.

"నీ సెయ్యే అయితే సిటికినేలేదమ్మా?"

మందాకిని తల తిప్పింది. పానా తీసుకుని వెలుతురు వైపు పెట్టింది. గుంటలు ఆయనవి కావు. సన్నగా, దగ్గరదగ్గరగా, ఆడమనిషి వేళ్ళ గుంటలు. మూడు. బొటనవేలిది ఒకటి. ఆ తర్వాత నాలుగో వేలి గుంట ఉండాల్సిన చోట ఎత్తుగా, నున్నగా, ఏ ఒత్తిడీ తగలని లోహం ఉంది.

"ప్రాణం మీదికొచ్చినా ఆ ఏలు దించనేదు సూడు నువ్వు" అంది గౌరమ్మ. "నానడిగితే అలవాటన్నావు. గలాసు పట్టినట్టే పట్టినావు దీన్నీని."

మందాకిని వేళ్ళు ఆ గుంటల్లో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. చిటికెన వేలు దానంతటదే పైకి లేచింది. ఆ వేలుని చూస్తూ ఉండిపోయింది. రోజుకింత మనమే అరిగి సరిపోవాలన్నాడు ఆయన. ఎప్పుడు అరిగిందో, ఏ సాయంత్రం సరిపోయిందో ఆవిడకి తెలియనే లేదు. మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి గౌరమ్మ కూడా కలిసింది.

మర్నాడు ఎర్రయ్య రాలేదు, వాళ్ళక్క మంచం దిగనివ్వలేదు. పంపుల హోరు ఎప్పటిలాగే ఉంది. మందాకిని పనిముట్ల బల్ల పైన పదమూడు సాకెట్‌కీ, అర అంగుళం సాకెట్ ఖాళీ మేకుకీ నడుమ కొత్త మేకు కొట్టి, దానికి ఆ పానా తగిలించింది. ట్రంకుపెట్టెలోని చొక్కా ఉతికి ఆరేసింది.

తర్వాత దాన్నే తీసుకుని మూత దగ్గరికి వెళ్ళింది. అరిగిన నట్టు తీసేసి కొత్తది పెట్టింది. పానా ఎత్తబోయి ఆగి, ముందు గుంటలోకి వేలు దూర్చి నట్టుని తడిమి చూసింది. చల్లగా ఉంది. మూలలు పదునుగా ఉన్నాయి. అప్పుడు పానా తొడిగి గట్టిగా బిగించింది.

చెయ్యి తీసి పిడి చూసుకుంది. చిటికెన వేలి చోటు ఖాళీగానే ఉంది. ఆవిడ రెండో నట్టు తీసుకుంది.